శిశువులకు అద్భుతకథలు

కోల్‌కతాకు నైరుతిదిశగా, హుగ్లీనది యొడ్డున, బడ్జ్ బడ్జ్ అను పట్టణమున్నది. జనపనార మిల్లులు, నూనె నిలువచేయు టాంకులు, నదిపై సాగు పడవలు, పట్టణమునకు వచ్చి ఆగిపోవు రైలుదారి, చూపరి కంటబడునవి ఇవియే. 1897 ఫిబ్రవరి 15వ తేదీన మద్రాసులో ఓడనెక్కిన స్వామి వివేకానందులు ఈ రేవుననే దిగిరి. 19వ తేదీ ఉదయమున ఇచటినుండియే ప్రత్యేకమైన రైలుబండిలో కలకత్తాలోని సియాల్దా స్టేషను చేరిరి. అచట వేలకొలది జనులు వారికొరకు కాచియుండిరి. యువకులు బండిగుఱ్ఱములను విప్పివేసి తామే బండిని లాగుకొనిపోయిరి.

ఆ మహాపురుషుని పేరు వినినంతనే వేదాంతము, దేశసేవ, సన్న్యాసము మనకు స్ఫురించును. అట్టి స్వామికి పిల్లలకొరకు ఒక వింతకథల పుస్తకము వ్రాయవలెనను కోరిక యుండెనని ఎఱిగినవారు మాత్రము స్వల్పము. పాశ్చాత్యదేశములందు వేదాంతముపై చేసిన ఒక ఉపన్యాసమున ఆయనయే ఈ సంగతి చెప్పిరి. ఒక ఆంగ్లపుస్తకమును చదివి ఆనందించితిననియు, ఆ శతాబ్దమున పిల్లలకొరకు వెలువడినవానిలో అంతటి అద్భుతమైనది వేఱొకటి లేదనియు, అట్టిది తానును వ్రాయవలెనని ఎల్లప్పుడును తలచుచుండితిననియు ఆయన పలికిన మాటల సారాంశము.

ఆ పుస్తకము ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’. దానిని రచించినవాడు ఆక్స్‌ఫర్డులో గణితశాస్త్రము బోధించు చార్లెస్ డాడ్జ్‌సన్. లూయిస్ కారల్ అనునది ఆయన కలము పేరు. 1862 జూలై 4వ తేదీన ముగ్గురు చిన్న బాలికలను పడవలో విహారమునకు తీసికొనిపోవుచుండగా, వారు కథ చెప్పుమని పట్టుబట్టిరి. అప్పటికప్పుడు నోటికి తోచినట్లు అల్లిన కథయే మూడేండ్ల పిదప, 1865లో, అచ్చుపుస్తకమైనది. ఆలిస్ అను పిల్ల ఒక కుందేలును వెంబడించి బొరియలోనికి జారిపోవును. ఒకచో ఇంటికప్పు తాకునంతటి పొడవగును, ఒకచో అంగుష్ఠమాత్రమగును. పిల్లి మాయమైపోవును గాని దాని నవ్వు మిగిలియుండును. పేకముక్కలు రాజులును రాణులునై తీర్పులు చెప్పును. ఒక సంఘటనకును మఱియొక సంఘటనకును పొత్తు కుదరదు.

స్వామిజీని ఆకర్షించినది ఈ పొత్తు లేకుండుటయే. పెద్దలకు అసంబద్ధముగా తోచునది శిశువునకు మిక్కిలి సుసంబద్ధముగా నుండుననియు, ఆ గ్రంథకర్త తన బాల్యమునందలి తలపులను తిరిగి తెచ్చుకొని వ్రాసెననియు ఆయన భావము. అంతటితో ఆగలేదు. తమ వయస్సునకు తగిన భావములను పిల్లలచేత బలవంతముగా మ్రింగించుటకై పెద్దలు వ్రాయు పుస్తకములన్నియు వట్టి వ్యర్థములని త్రోసివైచిరి. మనమును ఎదిగిన పిల్లలమే. కొన్ని సంఘటనలు ఒకే వరుసలో పలుమాఱు జరుగుట చూచి దానికి కార్యకారణమని పేరు పెట్టుకొంటిమి. ఈ స్వప్నము మాఱి మఱియొక స్వప్నము వచ్చెనేని అదియును ఇంతటి పొందికతోనే కన్పట్టునని వారు వివరించిరి. దేశకాలనిమిత్తములను గూర్చి వారు చేసిన గంభీరోపన్యాసములు పెక్కు గలవు. ఆ తత్త్వమునకే దృష్టాంతముగా ఇచట పిల్లల పుస్తకమును గ్రహించిరి. సభలోనివారు ఇది విని చకితులై యుందురు.

మన సంప్రదాయమెఱిగిన పాఠకులకు అంత ఆశ్చర్యము అక్కఱలేదు. యోగవాసిష్ఠము ఉత్పత్తిప్రకరణమున ‘బాలకాఖ్యాయిక’ యను చిన్నకథ యున్నది. ఒక బాలుడు దాదిని కథ చెప్పుమని వేధించును. ఆమె చెప్పును: లేని పట్టణమున ముగ్గురు రాజకుమారులుండిరి, వారిలో ఇద్దఱు పుట్టనేలేదు, మూడవవాడు తల్లికడుపున పడనేలేదు. వారు ప్రయాణమై పోవుచు మూడు నదులను చూచిరి. రెండు ఎండిపోయినవి, మూడవదానియందు నీరు లేదు. అందులో స్నానము చేసి, ఇంకను కట్టని పట్టణము చేరి, గోడలు లేని ఇంట ప్రవేశించి, పగిలిన కుండలలో వంట చేసికొని, నోరు లేని బ్రాహ్మణునకు భోజనము పెట్టిరి. బాలుడు ఒక్క ప్రశ్నయైనను వేయక, కన్నులు విప్పార్చి, మిక్కిలి సంతసించెను. వసిష్ఠుడు ఈ కథను శ్రీరామునకు చెప్పి, విచారణ లేనివారికి ఈ జగత్తు ఇట్లే సత్యముగా తోచుచున్నదని బోధించును. పిల్లవానిని కథ నమ్మినందుకు వసిష్ఠుడు కోపింపలేదు, అబద్ధము చెప్పెనని దాదిని నిందింపనులేదు. ఆక్స్‌ఫర్డు గణితోపాధ్యాయుడు పడవలో కూర్చుండి అల్లినదియు, దాది ఒడిలోని శిశువునకు చెప్పినదియు ఒక జాతి కథలే. రెండును వేదాంతోపన్యాసములో దృష్టాంతములైనవి.

ఐనను భక్తిగల గృహములలోనే ఈ విషయమై ఒక సంకోచము కనబడుచుండును. రాక్షసులు, మాటాడు చిలుకలు, ఎగిరెడి మంచములు, ఇవన్నియు అసత్యములు కావా, సత్యమును ఉపాసింపవలసిన ఇంట శిశువునకు అసత్యమును నేర్పవచ్చునా యని తల్లిదండ్రులు శంకింతురు. వేఱొక తెగ తల్లిదండ్రులు ఈ శంక లేకయే కథలను మానివేసిరి. వారికి కాలము చాలదు. లెక్కలు, ఆంగ్లము, పోటీపరీక్షలు ముందు నిలిచియున్నవి. మొదటివారి శంక గౌరవింపదగినది, కావున దానినే కొంత పరిశీలింపవలెను.

స్వామి వివేకానందుల బాల్యమునుండియే రెండు సంఘటనలు దీనికి సమాధానముగా నిలుచును. బాలుడైన నరేంద్రుడు రామాయణ కథాకాలక్షేపమున హనుమంతుడు అరటితోటలలో నివసించునని వినెను. వెంటనే ఒక అరటితోటకు పోయి చాలసేపు కాచుకొని కూర్చుండెను. హనుమంతుడు రాలేదు. చిన్నబోయిన ముఖముతో ఇంటికి వచ్చి తల్లితో మొఱపెట్టుకొనెను. తల్లి భువనేశ్వరీదేవి ‘పిచ్చివాడా, అదంతయు కథ’ యని నవ్వలేదు. శ్రీరాముడు ఏదో పనిమీద హనుమంతుని ఎచటికో పంపియుండునని ఊరడించెను. బాలునకు అది చాలెను.

రెండవది చంపకవృక్షము కథ. పొరుగింటి తోటలో ఒక సంపెంగచెట్టుండెను. దానికొమ్మల వ్రేలాడుట నరేంద్రునకు ప్రియమైన ఆట. పిల్లవాడు పడిపోవునని భయపడిన వృద్ధుడొకడు, ఆ చెట్టుపై బ్రహ్మరాక్షసుడున్నాడనియు, ఎక్కినవారి మెడ విఱచుననియు చెప్పెను. తోడిపిల్లలు భయపడిరి. నరేంద్రుడు మాత్రము ఆ వృద్ధుడు అటు పోగానే మరల చెట్టెక్కెను. ఆ మాటయే నిజమైనచో తన మెడ ఎన్నడో విఱిగియుండవలసినదని తోడివారితో వాదించెను.

ఈ రెండు కథలును వేర్వేఱుగా అందఱును చెప్పుకొనుచునే యున్నారు. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక విశేషము తెలియును. అరటితోటలో హనుమంతునికై కాచిన బాలుడును, సంపెంగచెట్టుపై బ్రహ్మరాక్షసుని లెక్కచేయని బాలుడును ఒక్కడే. అద్భుతకథలు విని పెరిగినవాడు మూఢుడగునని తలంచువారికి ఇది ఉత్తరము. తల్లి ఇచ్చినది కథ; అది పిల్లవాని హృదయమునకు ఒక సీమను అదనముగా ఇచ్చెను. వృద్ధుడు చూపినది కథవేషము వేసిన బెత్తము. పిల్లవానికి ఉన్న చెట్టును కూడ లాగుకొనజూచెను. శిశువు ఈ భేదమును పసిగట్టగలడు. మనయిండ్లలో బూచివాడు, గోనెసంచివాడు అను పేర్లతో అన్నము తినిపించుట, నిద్రపుచ్చుట ఇంకను సాగుచున్నది. అసత్యమును గూర్చి నిజముగా భయపడువారు ముందుగా మానవలసినది దీనిని. పెదరాసి పెద్దమ్మ కథలవలన చెడిన పిల్లలను ఎవరును చూడలేదు. చీకటిగదికి భయపడి పెద్దవారైన పిదపకూడ దీపము లేక నిద్రింపలేనివారు ప్రతి ఊరిలోను ఉన్నారు.

స్వామిజీ తాను కోరిన పుస్తకమును వ్రాయలేదు. 1902 జూలై 4వ తేదీన ముప్పదితొమ్మిదేండ్ల వయస్సుననే దేహము చాలించిరి. కాని వారి రచనలలో ఒక చిన్నకథ మిగిలియున్నది. గోపాలుడను బీదపిల్లవాడు పాఠశాలకు పోవలెనన్న అడవిదారిని నడువవలెను. వానికి భయము. తల్లి విధవరాలు, తోడు పంపుటకు ఎవరును లేరు. అడవిలో నీకు అన్న యున్నాడు, అతనిపేరును గోపాలుడే, పశువులను కాచుచుండును, భయము కలిగినపుడు పిలువుమని ఆమె చెప్పును. పిల్లవాడు పిలుచును, అన్న వచ్చును, ఆడించును, దారి దాటించును. గురువుగారింటి విందునకు శిష్యులందఱును కానుకలు తేవలసివచ్చినపుడు, అన్న ఒక చిన్న ముంతెడు పెరుగు ఇచ్చును. గొప్పకానుకల నడుమ దానిని ఎవరును లక్ష్యపెట్టరు. తుదకు ఒంపి చూడగా ముంత మరల నిండును, ఎన్నిమాఱులు ఒంపినను నిండుచునే యుండును. గురువు ఆశ్చర్యపడి ఆ అన్నను చూపుమని అడవికి వచ్చును. పిల్లవాడు పిలువగా కంఠస్వరము మాత్రము వినబడును: గురువుగారు ఇంకను చాలకాలము వేచియుండవలెనని. బెంగాలునందు ఈ కథ అనేక రూపములలో వ్యాపించియున్నది. శ్రీరామకృష్ణులును జటిలుడను బాలుని పేర దీనిని చెప్పుచుండిరి.

ఈ కథలో నీతివాక్యమొక్కటియు లేదు. ‘బాలకులారా, విశ్వాసము గలవారై యుండుడు’ అని ఎవరును చెప్పరు. గురువు వట్టిచేతులతో తిరిగివచ్చుటతో కథ ముగియును. వినుచున్న పిల్లవానికి మాత్రము, పెద్దవాడైన గురువు చూడలేనిది తనవంటి పిల్లవాడు చూచెనన్న సంగతి మనసున నిలుచును. ఆ తల్లి చెప్పినది అసత్యమా? ఆమె నమ్మినదానినే చెప్పెను. భువనేశ్వరీదేవి ఉత్తరమును ఇట్టిదే. ఇద్దఱును పిల్లవానిని కథనుండి బయటకు ఈడ్వలేదు. తామే కథలోనికి వచ్చి మాటాడిరి.

బెంగాలుదేశమున 1907వ సంవత్సరము ఈ విషయమున స్మరింపదగినది. ఆ యేడు దక్షిణారంజన్ మిత్రమజుందార్ పల్లెలలో వృద్ధస్త్రీలనోట విని సేకరించిన కథలు ‘ఠాకుర్మార్ ఝులి’, అనగా బామ్మగారి సంచి, అను పేర వెలువడినవి. రవీంద్రనాథ్ ఠాకూరు దానికి పీఠిక వ్రాసిరి. విదేశీవస్త్రములు వచ్చి చేనేతను మూలబెట్టినట్లు, ఆంగ్లకథల పుస్తకములు వచ్చి బామ్మల నోరు మూయించుచున్నవన్న వేదన అందు కనబడును. సోదరి నివేదిత సావిత్రి, నలదమయంతులు, ధ్రువుడు మొదలగువారి కథలను ఆంగ్లమున పిల్లలకొరకు వ్రాసి ప్రకటించినదియు ఆ యేడే. ఆరేండ్లకు, 1913లో, ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి ‘సందేశ్’ అను పిల్లల పత్రికను స్థాపించెను. ఆయన కుమారుడు సుకుమార్ రాయ్ ఆ పత్రికయందే ‘హజబరల’ యను కథ వ్రాసెను. అందు చేతిరుమాలు పిల్లియై కూర్చుండి వాదించును. ఆలిస్ వంగదేశమునకు వచ్చి చీర కట్టినట్లుండును ఆ రచన. ఐనను అనుకరణ కాదు, నవ్వు పూర్తిగా బెంగాలీ నవ్వు. ముప్పదియైదేండ్లకే, 1923 సెప్టెంబరు 10వ తేదీన, సుకుమార్ రాయ్ మరణించెను. ‘ఆబోల్ తాబోల్’ అను ఆయన గేయసంపుటి పుస్తకరూపమున వెలువడినది ఆ తరువాత తొమ్మిది దినములకు.

తెలుగునాట కథలసంచి ఎన్నడును వట్టిపోలేదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము ఏడుసముద్రముల ఆవల చిలుకలో దాగియుండును. బెంగాలీ కథలో రాక్షసి ప్రాణము చెఱువుక్రింద స్తంభములోని తుమ్మెదలో దాగియుండును. మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ సన్న్యాసులు మఱిమఱి తలపోయదగిన ఏర్పాటుతో మొదలగును. మణిసిద్ధుడను యతి కాశీకి పోవలెను, తోడు కావలెను. పశువుల కాచు పిల్లవాడొకడు వచ్చెదననును గాని, మజిలీ మజిలీకిని తాను చూచిన వింతను గూర్చి కథ చెప్పవలెనని నియమము పెట్టును. యతి ఒప్పుకొనును. కాశి చేరుటకు వేఱు మార్గము ఆయనకు లేకపోయెను! ఆ కథలలో శృంగారము పాలు హెచ్చు; పసివారికి పెద్దలు ఏరి చెప్పవలసినవే. 1947 జూలైలో మద్రాసున చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ప్రారంభించిన ‘చందమామ’ కొన్ని తరములవారికి బామ్మ లేని లోటు తీర్చినది. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. అందు దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలను, బేతాళకథలను నేటికిని వెదకి చదువుకొను వృద్ధులున్నారు. బేతాళకథలయందు ఒక సొగసు గమనింపవలెను. అవి నీతితో ముగియవు, ప్రశ్నతో ముగియును. శవములోని బేతాళుడు రాజును అడుగుచుండగా, పిల్లవాడు రాజుకన్న ముందు తాను ఉత్తరము వెదకుకొనును.

ఇక చెప్పు విధానము. అన్నింటికన్న ముఖ్యమైనది, కథ నోటితో చెప్పబడవలెను. పుస్తకము చేతనుంచుకొని చదివినను మంచిదే, కాని మధ్యమధ్య పుస్తకము దింపి పిల్లవాని ముఖము చూడవలెను. పిల్లవానిని ఒంటరిగా కూర్చుండబెట్టి చేతికి ఫోను ఇచ్చి బొమ్మల కథ చూపుట ఈ లెక్కలోనికి రాదు. అచట రాక్షసుని రూపము ఎవరో గీసి యిచ్చినది. బామ్మ చెప్పునపుడు రాక్షసుని పిల్లవాడే తాను ఓర్చుకోగలిగినంత పరిమాణమున కల్పించుకొనును. భయముగల ఘట్టములను మృదువుచేయు ఈ సాధనము ప్రకృతియే వానికి ఇచ్చినది.

కథలలోని క్రౌర్యమును గూర్చి చాలమంది అడుగుదురు. ‘ఠాకుర్మార్ ఝులి’లో సవతిరాణులు పసిబిడ్డలను పాతిపెట్టుదురు, ఆ బిడ్డలు చంపకపుష్పములై పూచి తల్లి వచ్చువఱకు ఎవరి చేతికిని అందరు. ఈ ఘట్టమును తీసివేసి చెప్పినచో పూవులు ఎందులకు పూచెనో తెలియదు. కావున తీసివేయరాదు, దానిపై నిలిచి వర్ణింపను రాదు. రాక్షసుని గుహలో కథను ఆపి ‘మిగిలినది రేపు’ అని దీపము ఆర్పుట మాత్రము తగదు. పిల్లవాడు ఇల్లు చేరిన పిమ్మటనే, అనగా కథలోని రాజకుమారుడు ఇల్లు చేరిన పిమ్మటనే, నిద్రింపవలెను. ప్రాణము చిలుకలోనో తుమ్మెదలోనో ఉన్నదను మాటను కొందఱు వింతగా మాత్రమే తలంతురు. దుర్మార్గుని బలము కన్నుల కగపడు దేహమునందు లేదు, ఎచటనో దాచబడియున్నది, ఓపికతో వెదకినచో దొరకునని ఐదేండ్ల పిల్లవానికి ఇంతకన్న తేటగా చెప్పుట ఎట్లు?

మూడు నాలుగేండ్ల శిశువునకు గొలుసుకథలు, జంతువుల కథలు చాలును. చెప్పినదే మరల చెప్పుమనును. చెప్పవలసినదే, ఒక మాటయైనను మార్చినచో వాడే దిద్దును. ఐదు మొదలు ఎనిమిదేండ్లవఱకు రాజకుమారులు, రాక్షసులు, మాయాచిలుకలు, భాగవతకథలు. ఆలిస్‌వంటి పుస్తకములకు తొందరపడరాదు. అందలి హాస్యము చాలవఱకు మాటల శ్లేషపై నిలిచినది. ఆంగ్లమున కథ అను మాటకును తోక అను మాటకును ఉచ్చారణ ఒకటే యగుటచే ఎలుక చెప్పు కథ ఎలుకతోకవలె వంకరలు తిరిగి అచ్చయినది. అనువాదకుడు దీనికి తెలుగున మఱియొక శ్లేషను కల్పించుకొనవలెనే గాని, అడుగున వివరణ వ్రాసినచో పిల్లవాడు పుస్తకము మూసివేయును. ‘నీతిచంద్రిక’ వంటి గ్రంథములును ఎనిమిది తొమ్మిదేండ్లు దాటిన పిదపనే రుచించును. నీతికథలు కూడవని ఇచట చెప్పుట లేదు. అమరశక్తి కుమారులను దారికి తెచ్చిన విష్ణుశర్మయు కాకులచేతను నక్కలచేతను మాటాడించినవాడే. కాని నీతిని తొలగించి చూచినను కథ నిలువగలిగి యుండవలెను. ‘దీనివలన నీవేమి నేర్చుకొంటివి?’ అని కథ చివర అడుగు అలవాటు మానుట మేలు. భోజనమైన వెంటనే బలమెంత వచ్చినదని ఎవరును బిడ్డను తూచిచూడరు.

‘ఇది నిజమేనా?’ అని పిల్లవాడు ఒకనాడు అడుగును. ఆ దినము వచ్చువఱకు పెద్దలు తమంతట ఈ ప్రస్తావన తేరాదు. అడిగినపుడు బొంకరాదు. ఎగిరెడి గుఱ్ఱమును ఎవరును చూడలేదు, ఇది కథ, మా బామ్మ మాకు చెప్పినదని చెప్పినచో పిల్లలు నొచ్చుకొనరు. నొచ్చుకొందురని పెద్దలే భయపడుదురు. సాధారణముగా వారి మఱుమాట ‘సరే, తరువాత ఏమైనది?’ అనియే. దేవుని గూర్చిన కథలలో ఇదే ప్రశ్న వచ్చినచో విషయము వేఱు. అచట తల్లి తాను నమ్మినంతమాత్రమే చెప్పవలెను, నమ్మనిదానిని నమ్మినట్లు నటింపరాదు. గోపాలుని తల్లి మాట ఫలించినది అందువలననే గదా.

బడ్జ్ బడ్జ్ మొదలుకొని హుగ్లీనదికి ఇరుగడల వ్యాపించిన మిల్లుసీమకు గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి తెలుగు కూలీలు పూర్వము అనేకులు వలసపోయిరి. ఆ మిల్లులైనులలో పుట్టిన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ బెంగాలీలు. అట్టి పిల్లలను గూర్చి తల్లిదండ్రులకు ఒక బెంగ యుండును: బామ్మ చెప్పు కథ ఇరుగుపొరుగువారికి తెలియదు, ఇరుగుపొరుగు కథ ఇంట తెలియదు, పిల్లవాడు రెంటికి చెడునని. మనదేశపు పెద్దనగరములందును, విదేశములందును కాపురమున్న తెలుగువారికిని నేడు ఈ బెంగయే. దీనికి సమాధానము మిక్కిలి చిన్నకథలో దొరకుచున్నది.

తెలుగుపిల్లలందఱును మొదట వినునది ఏడుచేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టిరి. ఒకటి ఎండలేదు. ఎందులకనగా గడ్డిమోపు అడ్డము. గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు విప్పలేదు, పాలేరునకు అవ్వ అన్నము పెట్టలేదు, అవ్వ దగ్గఱ పిల్లవాడు ఏడ్చుచుండెను, పిల్లవానిని చీమ కుట్టెను. చీమను అడుగగా, తన బంగారుపుట్టలో వేలుపెట్టినచో కుట్టకుందునా యనెను.

బెంగాలునందు బామ్మలు కథ ముగించునపుడు చెప్పు ఒక వాడుకమాట యున్నది. లాల్ బిహారీ డే 1883లో ప్రకటించిన బెంగాలీ జానపదకథల సంపుటిలో దానిని ఆంగ్లీకరించి పొందుపఱచెను. కథ ముగిసినది, నటే యను మొక్క వాడినది. ఎందులకు వాడితివని మొక్కను అడుగుదురు. ఆవు మేయుచున్నదనును. ఆవును అడుగగా కాపరి తన్ను చూడడనును. కాపరిని అడుగగా ఇంటికోడలు అన్నము పెట్టదనును. కోడలిని అడుగగా బిడ్డ ఏడ్చుచున్నాడనును. బిడ్డను అడుగగా చీమ కుట్టుచున్నదనును. చీమను అడుగగా అది కుట్టు చప్పుడు చేయుటతో అంతయు ముగియును.

గోదావరి ఒడ్డున ఆరంభమున వచ్చు గొలుసు హుగ్లీ ఒడ్డున ముగింపున వచ్చుచున్నది. ఆవు, కాపరి, అన్నము, ఏడ్చు బిడ్డ, చీమ, అన్నియు ఆ వరుసననే. ఏ బామ్మ ఎవరికి చెప్పెనో చెప్పజాలము. స్వామిజీ వేదికపై నిలిచి విమర్శించిన కార్యకారణశృంఖలను శిశువు మొట్టమొదట వినునది ఈ రూపముననే, ఒడిలో కూర్చుండి, నవ్వుచు. మిల్లులైనులో తెలుగు అవ్వ చీమవఱకు వచ్చి ఆగినపుడు పొరుగింటి బెంగాలీపిల్ల ఆ తరువాతి చప్పుడు తాను చేయగలదు. అవ్వ చేయవలసినదెల్ల ఆ పిల్లకును చాపమీద ఇంత చోటిచ్చుట.